మడ్డి ఆయిలు ఎక్కడికి పోతుంది?



మిర్చి టిక్కీలు యార్డుకో ఏసీ గోడౌనుకో చేరాక, పత్తికట్టె పీకించి చేను ఖాళీ చేశాక, వేసవి దుక్కులకి ముందు రైతుకి కాస్త తీరిక దొరుకుతుంది. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ట్రాక్టరుకి ఆయిలు మార్చేది చాలామటుకు ఆ తీరికలోనే. కంపెనీవాళ్ళ ఉచిత సర్వీసులు అయిపోయాక బండిని పట్నం దాకా తోలుకెళ్ళాలని ఎవరికీ ఉండదు. ఊళ్ళో మెకానిక్కుని ఇంటికే పిలుస్తారు. లేదంటే ఇంట్లో కుర్రాడే పానా పుచ్చుకుని బండి కిందకి దూరతాడు. ట్రాక్టరు ఒక్కటే కాదు, ఇంటింటికీ మోటారు సైకిలుంది, కాలవ గట్ల మీద నీళ్ళు తోడే ఆయిలు ఇంజన్లున్నాయి.

ఆయిలు ఎలా మార్చాలో చెప్పడానికి నేను రాలేదు. అది మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. మార్చడం అయిపోయాక కింద పడిన ఆయిలు, చేతులకంటిన ఆయిలు, తట్టలోకి దించిన నల్లటి మడ్డి ఆయిలు ఏమవుతున్నాయో మాట్లాడదామని వచ్చాను. శుభ్రం చెయ్యడమంటే ఎంతవరకు చెయ్యాలి? ఎక్కడ ఆపొచ్చు?

ఈ విషయంలో మన ఊళ్ళల్లో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకాయనకి నేలమీద మరక కనపడకూడదు. సర్ఫు చల్లి, చీపురుకట్టతో రుద్ది, బోరు మోటారు వేసి పైపుతో కొట్టేస్తాడు. వాకిలి తళతళలాడుతుంది. ఇంకొకాయన గుప్పెడు మట్టి తీసి మరక మీద చల్లి, చెప్పుకాలితో రెండుసార్లు తొక్కి, టీ తాగడానికి పోతాడు. చూసినవాళ్ళు మొదటాయన్ని మెచ్చుకుంటారు. నేను రెండో ఆయన వైపు. పూర్తిగా కాదు, ఎందుకంటే ఆ మట్టిని ఆయన ఎత్తలేదు. అయినా మొదటాయన చేసినదానికన్నా అది నయం. సర్ఫు వేసి కడిగినంత మాత్రాన ఆయిలు మాయం కాదు. సబ్బు దాన్ని సన్నసన్నటి బొట్లుగా విరిచి నీళ్ళతో పాటు పోయేట్టు చేస్తుంది, అంతే. వాకిట్లో ఒక్కచోట పడి ఉన్నది సైడు కాలవలోకి, అక్కణ్ణించి వాగులోకో చెరువులోకో చేరుతుంది. ఇంటి మరకని ఊరికి పంచిపెట్టినట్టయింది.

అందుకని నేను పెట్టుకున్న లెక్క ఇది. కదలని మరకని వదిలెయ్యొచ్చు, కదిలే బొట్టుని వదలకూడదు. వాన పడితే కొట్టుకుపోయేది, కాళ్ళకీ టైర్లకీ అంటుకుని ఇంకోచోటికి పోయేది, తినే సరుకుకి తగిలేది, ఈ మూడూ చుక్క మిగలకుండా తియ్యాలి. సిమెంటులోకి ఇంకిపోయి, వేలితో రుద్దినా నలుపంటని మరక అక్కడే ఉన్నా ఎవరికీ నష్టం లేదు. ఇంకో మాట. తుడవాలి, పీల్పించాలి, ఎత్తాలి. కడగడం అన్నిటికన్నా చివర, అదీ అవసరమైతేనే.

ఒక్క లీటరు ఎంత పని చేస్తుందో కాగితం మీద లెక్కేసి చూడండి. ఆయిలు నీటి మీద తేలుతుంది, పల్చగా పరుచుకుంటుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన పరుచుకుందనుకుంటే ఒక లీటరు వెయ్యి చదరపు మీటర్లు కప్పుతుంది. మన కొలతలో దాదాపు 25 సెంట్లు. ట్రాక్టరు ఇంజనులో మోడల్ని బట్టి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు పడుతుంది. అంటే ఒక్క బండి ఆయిలు ఎకరంన్నర చెరువుకి పొర కట్టగలదు. వానాకాలంలో రోడ్డు మీద నీళ్ళల్లో ఇంద్రధనుస్సు రంగులు చూస్తుంటాం కదా, అలాంటి పొర. గాలిలోని ప్రాణవాయువు నీళ్ళలోకి దిగకుండా అది అడ్డం పడుతుంది.

ఇంకో లెక్క కూడా చెబుతాను. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం పేరు ఐఎస్ 10500. ఖనిజ తైలం లీటరు నీటిలో అర మిల్లీగ్రాము దాటకూడదని అందులో ఉంది. లీటరు ఇంజనాయిలు సుమారు 870 గ్రాములు తూగుతుంది. అర మిల్లీగ్రాము చొప్పున పంచుకుంటూ పోతే 17 లక్షల లీటర్ల నీటికి సరిపోతుంది. నిజానికి ఆయిలు నీళ్ళలో అంత సమంగా కలవదు. కొంత పైన తేలుతుంది, కొంత అడుగు బురదకి అంటుకుంటుంది. కాబట్టి దీన్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కానీ నాగార్జునసాగర్ కుడి కాలవ నీళ్ళు చెరువుకి పెట్టుకుని ఎండాకాలమంతా అవే తాగే ఊళ్ళు మనకి ఎన్నో ఉన్నాయి. ఆ కాలవ గట్టు మీదే ఇంజను పెట్టి, అక్కడే నట్టు విప్పి, పాతది గట్టు వారకి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు.

డబ్బాలోంచి అప్పుడే పోసిన ఆయిలుకీ, 250 గంటలు తిరిగాక దించిన ఆయిలుకీ చాలా తేడా ఉంది. తిరిగినదాంట్లో మసి ఉంటుంది, పూర్తిగా కాలని డీజిలు ఉంటుంది, బేరింగుల నుంచీ లైనర్ల నుంచీ అరిగిన లోహప్పొడి ఉంటుంది. ఇంధనం కాలేటప్పుడు పుట్టే పీఏహెచ్‌లనే పదార్థాలు కూడా అందులో పేరుకుంటాయి. వాటిలో కొన్ని క్యాన్సరు తెచ్చేవి. ఎలుకల చర్మానికి పాత ఇంజనాయిలు పూస్తూ పోతే చర్మ క్యాన్సరు వచ్చిందని పరిశోధనల్లో తేలింది. మెకానిక్కులందరికీ వస్తుందని కాదు. మోచేతుల దాకా ఆయిలు పూసుకుని, అదే చేత్తో బజ్జీ తింటూ పనిచెయ్యడం మంచి అలవాటు కాదని మాత్రం చెప్పొచ్చు.

ఇక కల్లం సంగతికి వస్తాను. నా దృష్టిలో మన ప్రాంతంలో ఈ విషయానికి గుండెకాయ అదే.

మిర్చి కోతల రోజుల్లో కల్లమంతా ఎర్రగా పరిచి ఉంటుంది. కొందరు పట్టాల మీద ఆరబోస్తారు, కొందరు ఉత్త నేలమీదే. కాయలు దించడానికీ, ఆరాక టిక్కీలు ఎక్కించడానికీ ట్రాక్టరు ట్రక్కుని వెనక్కి తోలుకుంటూ కల్లంలోకి తెస్తారు. ఇంజను కింద నుంచో, హైడ్రాలిక్ పైపు దగ్గరనుంచో బొట్టు బొట్టు కారుతూ ఉంటుంది. బండి అరగంట ఆగితే నేలమీద రూపాయి బిళ్ళంత మచ్చ. మర్నాడు కూలీలు ఆ మచ్చ మీదుగానే కాయలు తిరగబోస్తారు.

మిరపకాయ ఆయిలుని వదలదు. కాయ తోలుమీద సన్నటి మైనప్పొర ఉంటుంది. అది నీటిని తోసేస్తుంది, నూనెని పట్టుకుంటుంది. లోపలున్న కారమూ ఎరుపూ కూడా నూనెలో కరిగే సరుకులే. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎరుపు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుచేత ఆయిలంటిన కాయని ఎండబెట్టి బాగుచెయ్యలేం, కడిగీ బాగుచెయ్యలేం. తీసి పారెయ్యాలి. తాలు కాయలు ఏరినప్పుడు ఆయిలంటినవాటినీ ఏరి, తాలులో కూడా కలపకుండా విడిగా పెట్టాలి. తాలు కూడా చివరికి ఎక్కడో ఒకచోట కారంగానే మారుతుంది కదా.

ఇది నా చాదస్తం అనుకోకండి. ఆహార పదార్థాల ప్రమాణాల మీద 2011లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో ఎండుమిర్చికి ఒక షరతు ఉంది. బయటినుంచి కలిపిన రంగు ఉండకూడదు, ఖనిజ తైలం పూత ఉండకూడదు అని. మెరుపు కోసం కాయలకి నూనె పూసేవాళ్ళని ఆపడానికి పెట్టిన షరతు అనుకోవచ్చు. కానీ పరీక్ష చేసే యంత్రానికి అది కావాలని పూసిందో, పొరపాటున పడిందో తెలియదు. 2003లో మన దేశం నుంచి యూరపు వెళ్ళిన మిర్చి సరుకులో సూడాన్ అనే రంగు దొరికింది. ఆ తర్వాత ఆ దేశాలు సరుకుతో పాటు పరీక్ష కాగితం కూడా అడగడం మొదలుపెట్టాయి. చేసింది ఎవరో కొందరు, చిక్కు వచ్చింది అందరికీ. గుంటూరు సన్నం అన్న పేరుకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నవాళ్ళం మనం. ఆ పేరు మీద అమ్మే ప్రతి టిక్కీ ఏదో ఒక కల్లంలోంచే బయల్దేరుతుంది.

గోనెసంచుల కథ కూడా ఇందులో భాగమే. జనపనారని మెత్తబరచడానికి మిల్లుల్లో చాలాకాలం ఖనిజ తైలమే వాడారు. సంచిలోంచి ఆ నూనె కోకో గింజల్లోకీ కాఫీ గింజల్లోకీ దిగుతోందని కొనే దేశాలు పట్టుకున్నాక, 1998లో అంతర్జాతీయ జనపనార సంస్థ అలాంటి సంచులకి ఒక హద్దు పెట్టింది. ఇప్పుడు ఆహారం నింపే సంచులకి వృక్ష తైలం వాడాలి. చూశారా, సంచి నారలో ఉన్న జిడ్డుకే అంత పట్టింపు. అలాంటప్పుడు నేలమీద ఉన్న మడ్డి ఆయిలుకి ఎంత ఉండాలి?

కాబట్టి కల్లానికి నా సలహా ఒక్కటే. అక్కడ ఆయిలు మార్చొద్దు. మార్చే పని గొడ్లచావిడి పక్కనో, వీధి వైపో, నీళ్ళు పారని చోట పెట్టుకోండి. ట్రక్కు కల్లంలోకి రావలసినప్పుడు ఇంజను కింద పాత పట్టా ముక్కో, చింపిన యూరియా సంచో పరవండి. ఇప్పటికే మచ్చలున్న కల్లమైతే, మిర్చి పొయ్యకముందే ఆ మట్టిని నలుపు పోయేదాకా చెక్కి తీసి, కొత్త మట్టి వేసి, తడిపి దిమ్మిస కొట్టండి. పేడతో అలికితే మచ్చ కనపడదు గానీ కింద అలాగే ఉంటుంది. ఇక్కడ మాత్రం నేను మొదటి రకం మనిషినే, మచ్చ మిగలకూడదు.

ఇప్పుడు పత్తి. మన చేలో పండే పత్తి ఆయిలుని పీల్చడంలో ఘనమైనదని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. రేడియో వింటూనే ఒక పరీక్ష చెయ్యండి. గిన్నెలో నీళ్ళు పోసి, మందుల షాపులో కొన్న దూది ఒక పింజ వెయ్యండి. తడిసి మునుగుతుంది. చేలో తీసిన పత్తి నుంచి గింజ తీసేసి ఒక పింజ వెయ్యండి. తడవకుండా తేలుతుంది. మందుల షాపు దూదిని ఉడకబెట్టి మైనం తీసేస్తారు. చేలో పత్తికి పోగు పోగుకీ ఆ మైనం ఉంటుంది. అందుకే నీళ్ళు వద్దంటుంది, ఆయిలు కనపడితే లాక్కుంటుంది. నీళ్ళ తొట్లో ఆయిలు పడితే నీళ్ళని వదిలి ఆయిలునే ఎత్తుకొస్తుంది.

2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలి సముద్రమంతా పాడయ్యాక, అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో శేషాద్రి రామ్‌కుమార్ గారి బృందం ఇదే పని మీద పరిశోధన చేసింది. వాళ్ళు తీసుకున్నది మేలురకం పత్తి కాదు. మైక్రోనేరు తక్కువున్న, సరిగా పండని, బజారులో ధర పలకని పత్తి. అలాంటి పత్తి కిలో పెడితే 30 కిలోలకి పైగా ముడిచమురు పీల్చిందని తేల్చారు. మనకి అలాంటి పత్తికి కొదవేముంది? వానకి తడిసి రంగు మారింది, గులాబీ రంగు పురుగు కొట్టి సగమే విచ్చిన కాయల్లోది, ఆఖరి ఏరుడులో వచ్చే పుల్లా ఆకూ కలిసింది ఏటా ఎంతో కొంత మిగులుతుంది. దాన్ని ఒక సంచిలో వేసి షెడ్డులో వేలాడదీసుకోండి. పట్నంలో మెకానిక్కులు బనియను గుడ్డ పీలికలు కొనుక్కుంటారు, మీకు ఆ ఖర్చు లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆయిలు పీల్చిన పత్తి మంటని బాగా పట్టుకుంటుంది. పొయ్యి దగ్గరో, పత్తి నిలవ చేసిన గదిలోనో, బీడీలు కాల్చే చోటో పెట్టొద్దు. తలుపులకి పూసే అవిసె నూనె తుడిచిన గుడ్డలైతే కుప్పగా వేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఇంజనాయిలుకి ఆ గుణం అంతగా లేదు, అయినా రెంటినీ కలిపి పడెయ్యొద్దు.

పత్తి ఆయిలుని పీలుస్తుందంటే దాని రెండో మొహం కూడా చూడాలి. బోరేల్లో తొక్కిన మంచి పత్తికి ఆయిలు తగిలితే అదీ వదలదు. ప్రపంచంలో నూలు మిల్లులవాళ్ళు పత్తిలో ఏమేం మలినాలు వస్తున్నాయో లెక్క రాసే జాబితాలో గ్రీజూ ఆయిలూ ఒక పద్దు. మన దేశంలో 2000లో మొదలైన పత్తి సాంకేతిక మిషన్ జిన్నింగు మిల్లులనీ మార్కెట్ యార్డులనీ బాగుచెయ్యడానికి డబ్బు పెట్టింది కూడా ఈ మలినాల పోరు పడలేకే. ఆయిలు మోసిన ట్రక్కులోనే పత్తి ఎత్తేముందు అడుగు చెక్కలు ఒకసారి చూసుకోవడం రెండు నిమిషాల పని.

నేలమీద పడిన ఆయిలు గురించి కొంచెం. మన నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది. చెయ్యి దూరేంత వెడల్పు నెర్రెలు చాలాచోట్ల చూస్తాం. "ఆ నెర్రెలో పొయ్యరా, అదే పోతుంది" అనే బాబాయిలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పోయేది కంటికి మాత్రమే. తొలకరి వానకి మట్టి ఉబ్బి నెర్రె మూసుకుంటుంది, ఆయిలు లోపల ఉండిపోతుంది. ఆయిలుని తిని అరగదీసే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నాయి గానీ వాటికి గాలి కావాలి, తేమ కావాలి, కాస్త నత్రజని కావాలి. మూడడుగుల లోతున, నీరు పట్టిన బంకమట్టిలో గాలెక్కడిది?

అదే పైన పడ్డ మట్టిని ఎత్తితే దారి ఉంది. ఢిల్లీలోని టెరీ సంస్థ ఆయిల్ జాపర్ అనే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని తయారుచేసింది. చమురు బావుల దగ్గర పాడైన నేలల్ని దానితో బాగుచేస్తున్నారు. ఒక తట్టెడు మట్టికి మనకి అంత అక్కర్లేదు గానీ సూత్రం అదే. ఆయిలు పడ్డ మట్టిని పాత పట్టా మీద పల్చగా పరిచి, మాగిన పశువుల ఎరువు కలిపి, తేమ ఆరకుండా చూస్తూ, వారానికోసారి పారతో తిరగెయ్యండి. కొన్ని నెలల్లో జిడ్డూ వాసనా తగ్గుతాయి. అందులో ఉన్న లోహాలు మాత్రం ఎక్కడికీ పోవు. అందుకని ఆ మట్టిని కూరగాయల పాదులకీ ఎరువుదిబ్బకీ చేర్చకుండా దారి గుంతలు పూడ్చడానికి వాడండి.

అసలు పడకుండా చేసుకుంటే ఈ తిప్పలన్నీ తగ్గుతాయి. ఇంజనుని అయిదారు నిమిషాలు నడిపి ఆపితే ఆయిలు పల్చనై సాఫీగా దిగుతుంది, మడ్డి అడుగున నిలవదు. మరీ కాగినప్పుడు నట్టు విప్పితే చెయ్యి కాలుతుంది. ఏడెనిమిది లీటర్లు పట్టే ఇంజనుకి పది లీటర్లు పట్టే తట్ట పెట్టుకోండి. మొదట ధార ముందుకి చిమ్ముతుంది, తగ్గేకొద్దీ వెనక్కి వస్తుంది, మధ్యలో తట్ట జరపాలి. చాలా మరకలు ఆ జరపడంలోనే పడతాయి. తట్ట కింద పట్టా, పట్టా మీద ఊకో రంపప్పొట్టో ముందే చల్లి ఉంచితే సగం శుభ్రం అప్పుడే అయిపోయినట్టు. ఫిల్టరుని విప్పగానే మూల పారెయ్యకండి. దాంట్లో పావులీటరుకి అటూ ఇటూగా మిగిలి ఉంటుంది. పైన మేకుతో ఒక బొక్క పొడిచి, తట్టలోకి బోర్లించి రాత్రంతా వదిలెయ్యండి.

పనయ్యాక ఇంజను కింద ఒక అట్టముక్క పెట్టి పడుకోండి. పొద్దున్నే అట్ట మీద బొట్లుంటే నట్టు వాషరు సరిగా కూర్చోలేదని అర్థం. శుభ్రం చేశామా లేదా అన్నదానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష అదే.

చేతులకి పెట్రోలూ డీజిలూ కిరసనాయిలూ వాడకండి. మురికి పోతుంది, దానితోపాటు చర్మం మీదున్న సహజమైన జిడ్డూ పోయి చెయ్యి పగులుతుంది. పగిలిన చేతిలోకి మళ్ళీ అదే ఆయిలు పోతుంది. ముందు కాస్త కొబ్బరి నూనె రాసి రుద్ది, పాత గుడ్డతో తుడిచేసి, ఆ తర్వాత శనగపిండో సబ్బో పెట్టి కడగండి. రబ్బరు తొడుగులు వేసుకుంటే ఇదీ అక్కర్లేదు. ఆయిలంటిన బట్టల్ని పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

దించిన మడ్డి ఆయిలుని ఏం చెయ్యాలి? ఇక్కడికొచ్చేసరికి మనవాళ్ళకి సలహాలు చాలా ఉంటాయి. సెంట్రింగు చెక్కలకి పూస్తారు. చెదలు పట్టకుండా గుంజలకి పూస్తారు. గొర్రుకీ రోటవేటరు కత్తులకీ తుప్పు పట్టకుండా రాస్తారు. ఇనప సామాన్లకి రాయడం వరకు నాకు పెద్ద అభ్యంతరం లేదు, గుడ్డతో పల్చగా రాస్తే అర లీటరు ఏడాది వస్తుంది. గుంజలకి పూస్తే వానకి దిగి మొదట్లోని మట్టిలోకే పోతుంది. గేదెలకి గజ్జి పడితే పాత ఆయిలు పూసేవాళ్ళని చూశాను. అది మాత్రం వెంటనే మానాలి. గేదె ఒంటిని అదే నాకుతుంది, తన దూడనీ నాకుతుంది. పశువుల ఆసుపత్రిలో దానికి మంచి మందులున్నాయి.

దోమల మాట కూడా వస్తుంది. రంపప్పొట్టుని గుడ్డలో మూటకట్టి, పాత ఆయిలులో నానబెట్టి, ఆయిల్ బాల్స్ అని మురుగ్గుంటల్లో వెయ్యడం మన పంచాయతీల్లోనూ మున్సిపాలిటీల్లోనూ మామూలే. నీటి మీద నూనె పొర కడితే దోమపిల్లలకి ఊపిరాడదన్నది నిజం. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో మలేరియా గుట్టు విప్పాక ప్రపంచమంతా కొన్నాళ్ళు అదే దారి పట్టింది. కానీ ఎటూ పారని గుంట వేరు, వాగులో కలిసే సైడు కాలవ వేరు. "వాళ్ళు వేస్తే లేనిది నేను పోస్తే తప్పేంటి" అని లీటర్లకి లీటర్లు కాలవలో కుమ్మరించడానికి అది వంక కాకూడదు. ఊరి గుంటలకి దోమపిల్లల్ని తినే గంబూసియా చేపలు అడగండి. చేపకీ ఆయిలుకీ మాత్రం పొత్తు కుదరదు, ఏదో ఒకటే.

సరైన దారి అమ్మడమో, ఇచ్చెయ్యడమో. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిలు ప్రమాదకర సరుకే. దాన్ని శుద్ధి చేసేది అనుమతి ఉన్న కర్మాగారాలే కావాలి. 2023లో ఆ నిబంధనల్ని సవరించి, ఆయిలు తయారుచేసే కంపెనీలే ఏటా కొంత పాత ఆయిలు తిరిగి శుద్ధి అయ్యేట్టు చూడాలని బాధ్యత పెట్టారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ గొలుసు మన ఊరి చావిడి దాకా ఇంకా రాలేదన్నది అందరికీ తెలిసిందే. అయినా పెద్ద సర్వీసు సెంటర్లు డ్రమ్ముల్లో పోగుచేసి పంపుతాయి. విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో కొనేవాళ్ళున్నారు. ఊళ్ళో నలుగురు ట్రాక్టరు ఆసాములు కలిసి ఒక డ్రమ్ము పెట్టుకుంటే మిర్చి వేసుకుని పోయే బండిలో కాకుండా, ఖాళీగా పట్నం పోయే బండిలో ఎప్పుడో వేసి పంపొచ్చు. ఒక్క షరతు. అందులో నీళ్ళు, డీజిలు, పురుగుమందు, బ్రేకు ఆయిలు కలపకూడదు. కలిపితే శుద్ధి చేసేవాడికి అది పనికిరాదు. నానిన పొట్టూ పత్తీ ఫిల్టరూ ఒక సంచిలో కట్టి దానితోపాటే ఇచ్చెయ్యండి.

మిగిలింది ఖాళీ డబ్బా. గట్టి డబ్బా కదా అని కడిగి పొలానికి నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళున్నారు, మానిక పెట్టి నూనె కొలిచి పోసుకునేవాళ్ళూ ఉన్నారు. 1959లో మొరాకోలోని మెక్నెస్ అనే ఊళ్ళో ఏం జరిగిందో వింటే ఆ డబ్బా ముట్టుకోరు. అమెరికా సైనిక స్థావరం వదిలించుకున్న విమానపు ఇంజనాయిలుని వ్యాపారులు కొని వంటనూనెలో కలిపి అమ్మారు. దాంట్లో ఉన్న ఒక ఫాస్ఫేటు రసాయనం నరాల్ని దెబ్బతీసింది. పదివేలమంది దాకా కాళ్ళూ చేతులూ పడిపోయి మంచానపడ్డారు. మన కలకత్తాలోని బెహాలాలో 1988లో అలాంటి రసాయనమే కలిసిన ఆవనూనె తిని వందలమందికి అదే గతి పట్టింది. మన ట్రాక్టరు ఆయిలులో ఉన్నది అదే రసాయనమని నేననడం లేదు. ఇంజనుకి పోసేది, ఒంట్లోకి పోయేది ఒకే డబ్బాలోకి రాకూడదంటున్నాను.

ఆ డబ్బాని పడేసేటప్పుడు కూడా లేబులు మీదుగా కత్తితో అడ్డంగా కోసెయ్యండి. ఊరికే వదిలితే నకిలీ ఆయిలు నింపి మళ్ళీ మీకే అమ్మేవాళ్ళు పట్టుకుపోతారు. లేదా పక్కకి పడుకోబెట్టి, పై వైపు చెక్క కోసి, మూత బిగించే ఉంచండి. మోటారు సైకిలు ఆయిలు దించుకోవడానికి లోతు తక్కువ తొట్టి తయారైనట్టే. మూత వైపు వంచితే గరాటు అక్కర్లేకుండా డ్రమ్ములోకి పోసుకోవచ్చు. పోసేముందు మూత తియ్యడం మర్చిపోవద్దు.